ఏడాది చింతపండు

ఖలందర్ ఆఫీసు నుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా తల్లితో అన్నాడు. "మా, లాఫ్ట్ ఒకటి చూసినా. కుదిరితే కొందాం."

మహబూబ్బీ చాప మీద కూర్చుని చింతపండులో ఈనెలు తీస్తోంది. ప్రొద్దుటూరు నుంచి తెచ్చుకున్న ఏడాది సరుకు అది. లాఫ్ట్ అంటే ఆమెకు తెలిసింది ఒకటే. వంటింట్లో తలుపుకు పైన, పెళ్ళినాటి బిందెలూ పగిలిన కుర్చీలూ తోసిపెట్టే పలక. దాన్ని ఆమె అటక అంటుంది.

"ఎవురింట్లోనో అటక మనమెందుకు కొనాల నాయనా?"

"అటక కాదుమా, ఇల్లే. కప్పు బాగా ఎత్తు. మధ్యలో గోడలు లేకుండా అంతా ఒకటే హాలు. దాన్ని లాఫ్ట్ అంటారు ఈడ."

"గోడల్లేకుంటే ఇల్లెట్లయితాది? నువ్వు పడుకుంటే నీ గురక వంటింట్లో నాకు వినపడల్లనా?"

ఫర్జానా నవ్వుకుంటూ టీ పెట్టడానికి లేచింది. అత్తకు నిదానంగా విడమరిచి చెప్పాలనుకుంది కానీ, ఆ వారమంతా క్లినిక్ ల్యాబ్‌లో పని తెమలక ఆ మాటే మరిచిపోయింది.

ఆ ఇల్లు ఫర్జానాకు కొత్త కాదు. సౌదీకి వచ్చి ఈ ఖతీఫ్ ఊళ్ళో కాపురం పెట్టినప్పటి నుంచి క్లినిక్‌కు పోతూ వస్తూ దాని ముందు నుంచే నడిచేది. ముత్యాల వ్యాపారి ఒకాయన కట్టించిన ఇల్లు. సముద్రపు రాతి గోడలు. పై అంతస్తులో సన్నటి చెక్కడం పనితో చెక్క కిటికీలు. చాలా ఏళ్ళు అది కిటికీలు మూసుకుని పాడుబడి ఉంది. ఆ వ్యాపారి మనవడి భార్య ఉమ్ జవాద్. ఆమె కొడుకు జవాద్ మూడేళ్ళు కష్టపడి ఒక్క రాయి కూడా మార్చకుండా ఆ ఇంటిని బాగు చేయించాడు. కింది వాటా తల్లికి, మధ్యది చెల్లెలికి ఉంచి, పైది అమ్మకానికి పెట్టాడు. ఉద్యోగం మీద ఉంటున్న పరదేశీయులు అనుమతి తెచ్చుకుని ఉండడానికి ఒక ఇల్లు కొనుక్కోవచ్చని ఖలందర్ ఎప్పుడో కనుక్కుని పెట్టుకున్నాడు.

అయితే వాళ్ళు కొనాలనుకున్న కాలమే వింతది. పరదేశీయుల కుటుంబాల మీద ఫీజు మొదలై ఏటేటా పెరుగుతోంది. సౌదీవాళ్ళకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాకత్ లెక్కలో కంపెనీ ఎర్ర రంగులోకి జారితే, అందులో పరదేశీయులకు ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, రెన్యూ కావడం లేదు. ప్రతి శుక్రవారం వాళ్ళ బిల్డింగు మెట్ల మీద ఎవరిదో ఒకరి వాషింగ్ మెషిన్ కిందికి దిగుతోంది. ఎదురు ఫ్లాటు ఫర్జానా స్నేహితురాలు ఏడుస్తూ తులసి కుండీ ఇచ్చి వెళ్ళింది. అందరూ అమ్ముకుని పోతుంటే మీరు కొంటారా అని క్లినిక్‌లో అందరూ నవ్వారు. ఫర్జానా పట్టించుకోలేదు. తనకూ భర్తకూ ఎవరి ఉద్యోగం వాళ్ళకుంది. ఎన్ని అద్దె ఇళ్ళు మారినా, ఇది నా గడప అనుకున్నది ఒక్కటీ లేదు. ఆ ఇల్లు తనదైతే చాలని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా కోరుకుంది.

అడ్డం ఒక్కటే. అదే ఇల్లు కొంటానని రియాద్ ఆయన ఒకడు వచ్చాడు. ఎవరికివ్వాలో మా అమ్మే చెప్పాలి, ముందు మీ ఆడవాళ్ళను రమ్మనండి అన్నాడు జవాద్.

శుక్రవారం సాయంత్రం కారు ఎక్కేటప్పుడు మహబూబ్బీ ఒడిలో పాత చీర గుడ్డ చుట్టిన జాడీ ఉంది.

"అత్తా, ఇదేంది?"

"చింతపండు. అటక చూసేదానికి పోతాండాం గదా. జాడీ పడ్తాదో లేదో చూడొద్దా? ఆ కొంపలో మంచం కింద పెట్టి పెట్టి నా నడుం పోయింది."

ఖలందర్ స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వాడు. ఫర్జానాకు నవ్వు రాలేదు. ముత్యాల వ్యాపారి ఇంటికి చింతపండు జాడీతో పోవడమా? "కార్లోనే ఉంచు అత్తా," అంది బతిమాలుతూ.

"ఎండకు పాడైతాది," అని జాడీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది మహబూబ్బీ.

మగవాళ్ళు కింద మజ్లిస్‌లో, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే గదిలో, ఉండిపోయారు. ఉమ్ జవాద్ మోకాళ్ళు పట్టుకుంటూ ముందు నడిచింది. మెట్లు ఎక్కి పైకి రాగానే ఫర్జానా అక్కడే నిలబడిపోయింది. బయటి నుంచి చూసి ఊహించుకున్నదంతా చిన్నబోయింది. ఎత్తయిన కప్పు కింద ఒకటే విశాలమైన గది. చెక్క కిటికీల్లోంచి వచ్చిన పొద్దు నేల మీద ముగ్గు పెట్టినట్టు పడింది. పైన పాత కాలం పడవల్లో వచ్చిన మడ దుంగలు, వాటి మీద ఖర్జూరపు ఈనెల అల్లిక. వంటగట్టు, దీపాలు, ఏసీ అన్నీ కొత్తవే అయినా, పెద్దల ముందు కూర్చున్న పిల్లల్లా అణిగి ఉన్నాయి.

మహబూబ్బీ తల పైకెత్తి చాలాసేపు చూసింది. "దూలాలు, వాటి మీద దంతెలు. పైన మన్నేసి ఉంటారు. ఇది మన మిద్దే గదమ్మే," అంది. "మా నాయన కట్టింది ఇట్లే ఉన్నింది. ఎండాకాలం ఎంత సల్లగా ఉండేదో."

ఫర్జానా ఆ మాటను అరబ్బీలోకి మార్చి చెప్పింది. ఉమ్ జవాద్ మర్యాదగా నవ్వి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది.

"నువ్వు క్లినిక్‌లో నా రక్తం తీసినదానివి, నీ చెయ్యి మంచిదని నాకు తెలుసు," అంది ఆమె. "కానీ ఒక మాట అడుగుతాను. ఈ సందులో ఈజిప్టు టీచరమ్మ ఉండేది, పోయింది. కేరళ డాక్టరు పోయాడు. మీరెప్పుడు పోతారు? నా నెత్తి మీద ఇల్లు తాళం పడి ఉంటే నాకు నిద్ర పట్టదు. ఇన్నేళ్ళూ అట్లా ఉండే పాడైంది. రియాద్ ఆయన సెలవులకే వస్తాడు, కానీ ఆయన్ను పొమ్మనేవాళ్ళు ఉండరు."

మేము పోము అని ఫర్జానా అనవచ్చు. కానీ ఆ సంగతి తన చేతిలో ఉందా? ఖలందర్ కంపెనీ ఈ ఏడు పచ్చ రంగులో ఉంది, వచ్చే ఏడు ఏ రంగో ఎవరికి తెలుసు? ఈ పెద్దామెకు అబద్ధం చెప్పాలనిపించలేదు. "నేను మాట ఇవ్వలేను ఖాలా. పోవాలని మాత్రం మాకు లేదు," అంది చివరికి.

ఉమ్ జవాద్ తల ఊపింది. ఆ ఊపు ఔననేదో కాదనేదో ఫర్జానాకు తెలియలేదు.

అరబ్బీ ముక్క అర్థం కాని మహబూబ్బీ ఈలోగా గది నాలుగు మూలలూ తిరిగి వచ్చింది. "ఫర్జానా, అటక యాడమ్మే? ఎంత వెతికినా కనపళ్ళేదు."

"అత్తా, ఊరుకో. ఇదంతా అటకే."

"ఇంతుందా?" అంది మహబూబ్బీ. "అయితే జాడీకి కొదవ లేదు."

"ఏమిటామె చేతిలో?" అడిగింది ఉమ్ జవాద్. దాచే వీలు లేదు. తన జాడీ గురించే అడుగుతోందని అర్థం కావడం ఆలస్యం, మహబూబ్బీ జాడీ మూతి గుడ్డ విప్పేసింది. కొత్త చింతపండు పులుపు వాసన గదిలో పరుచుకుంది. ఉమ్ జవాద్ వంగి చూసింది.

"తమర్ హిందీ," అంది.

చింతపండుకు ఇక్కడ అదే పేరు. హిందూస్తాన్ ఖర్జూరం. ఆ మాట ఫర్జానా రోజూ సూపర్ మార్కెట్‌లో చదివేదే, ఎన్నడూ ఆగి ఆలోచించింది కాదు.

"ఇంత ఎందుకు?"

"ఏడాదికి," అంది ఫర్జానా సిగ్గుపడుతూ. "ఉప్పేసి అదిమి పెడుతుంది. ఇక్కడ అటక కొంటున్నామని చెబితే, సరుకు పెట్టుకునే చోటనుకుని తెచ్చింది. తప్పు నాదే, సరిగ్గా చెప్పలేదు."

ఉమ్ జవాద్ భుజాలు కదిలేలా నవ్వింది. కళ్ళు తుడుచుకుని లేచి, గోడవారగా నడిచి, కిటికీ పక్కన లోతైన గూటి మీద చెయ్యి వేసింది.

"ఆమె తప్పేం అనుకోలేదు. ఇది మాకు ఖర్జూరాల గదే. ఏడాదికి సరిపడా పండు ఇక్కడికి ఎక్కేది. మా అత్తగారు తన జాడీ ఇదిగో, ఈ గూట్లో పెట్టేది. తాళంచెవి నడుముకే ఉండేది. కొత్త పంట వచ్చేదాకా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. అడుగు, ఇది అయిపోతే ఏం చేస్తుందో."

ఫర్జానా అడిగింది.

"అయిపోనిస్తానా?" అంది మహబూబ్బీ ఆశ్చర్యంగా. "అడుగున పిడికెడు ఉండంగానే కొత్తది పెట్టల్ల. జాడీ ఖాళీగా ఉండకూడదు గదా ఇంట్లో."

ఆ మాటను ఫర్జానా తనకు వచ్చిన అరబ్బీలో నెమ్మదిగా చెప్పింది. అమ్మకానికి పెట్టిన సోఫాలూ మెట్లు దిగే వాషింగ్ మెషిన్లూ చూసి చూసి, ఈమె పక్కనే ఉండి చేస్తున్న పని తనకింతకాలం కనబడలేదు. కొడుకు కంపెనీ ఏ రంగులో ఉందో ఈమె ఏనాడూ అడగలేదు. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో, ఏటా ఏడాదికి సరిపడా పెట్టింది. మంచం కిందయినా సరే. ఫర్జానాకు అత్త మీద ఒక్కసారిగా ఎంత గౌరవం కలిగిందంటే, ఆమె మోచేయి పట్టుకుని నిలబడింది.

ఉమ్ జవాద్ జాడీని రెండు చేతులా అందుకుని గూట్లో పెట్టింది. అది అక్కడ సరిగ్గా ఇమిడింది. మహబూబ్బీ ముందుకు వచ్చి, మూత ఒకవైపుకు తిప్పి సర్దింది.

"ఇక దీన్ని మళ్ళీ కిందికి మోయకండి," అంది ఉమ్ జవాద్. "రియాద్ ఆయనకు జవాద్ చెప్పుకుంటాడులే."

ఫర్జానా ఆమె చేతిని కళ్ళకు అద్దుకుంది. మెట్లు దిగుతుంటే కింద కాఫీ వాసన వస్తోంది. మహబూబ్బీ మధ్యలో ఆగి వెనక్కి చూసింది.

"ఏమంటాదమ్మే ఆమె?"

"అటక మనదే అంటాంది అత్తా."

"సంతోషం," అంది మహబూబ్బీ. "మరి రేపు పులుసుకేం జేస్తావు?"