రూబీ టీచరు సాక్ష్యం

రూబీ టీచరు అబద్ధమాడలేదు. సగం నిజం చెప్పి ఊరుకుంది, అంతే. మిగతా సగం తెనాలిలోని ఆమె చర్చి సంఘం పూర్తి చేసింది.

తెనాలి నుంచి రోజూ పాసింజరు రైలెక్కి, రేపల్లె బడిలో ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. బాపట్లలో తమ్ముడున్నాడు, క్రిస్మస్‌కి ఫోను చేస్తాడు. రిటైరైన రోజు తీసిన ఫొటోలో, దండ మీద వేలాడుతున్న మెడ మడతలు చూసి ఈవిడెవరా అనుకుంది. ఉద్యోగమున్నన్నాళ్ళూ అద్దం ముందు నిలబడే తీరిక లేదు. ఇప్పుడు తీరిక తప్ప ఇంకేమీ లేదు. కొన్ని రోజులైతే ఆమెతో మాట్లాడేది పాలవాడొక్కడే, అదీ "రేపు రానండి" అనడానికి.

గుంటూరులో డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పాడు.

"గడ్డం కింద ఒక గాటు, చెవుల వెనక చెరొకటి. లోపలి కండరం బిగించి, ఎక్కువైన చర్మం తీసేస్తామండి. వారం రోజులు గడ్డం చుట్టూ కట్టుంటుంది. తల ఎత్తులో పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి, మెడ తిప్పకూడదు. వాపూ కమిలిన మచ్చలూ రెండు మూడు వారాలుంటాయి, తిమ్మిరి కొన్ని నెలలుండొచ్చు. మడతలు తగ్గుతాయి గానీ, ఇరవయ్యేళ్ళ మెడ మాత్రం రాదు."

ఇరవయ్యేళ్ళప్పుడు మాత్రం ఎవరు చూశారు లెండి, అనబోయి, సిగ్గేసి తలూపింది.

ఆస్పత్రిలో చేరేముందు సంఘ కార్యదర్శి శాలేమురాజుకి ఫోన్‌చేసి, "మెడకి చిన్న ఆపరేషనండి, రెండు ఆదివారాలు రాలేను" అంది. ప్రార్థన విన్నపాల పుస్తకంలోకి ఎక్కేసరికి ఆ చిన్న ఆపరేషన్ గడ్డయింది. ఆరాధన ముగిసేలోపు గడ్డ కాస్తా క్యాన్సరయింది. స్త్రీల సమాజం మూడు రోజులు ఉపవాసం పట్టింది.

రూబీ కట్టుతో ఇల్లు చేరిన మర్నాడు గుమ్మం నిండా చెప్పులే. ఒకరు జావ తెచ్చారు, ఒకరు మెత్తగా కలిపిన చారన్నం. పుల్లమ్మ అనే పెద్దావిడ మెల్లగా తల దువ్వి జడ వేసింది. తన తల మీద ఇంకొకరి చెయ్యి పడి ఎన్నేళ్ళయిందో! రూబీకి ఏడుపొచ్చింది. నొప్పనుకుని అందరూ కళ్ళు తుడుచుకున్నారు.

"గడ్డ ఎంతుందమ్మా?" అని ఎవరో అడిగారు.

"గడ్డేం లేదండి" అంది రూబీ. ఇంకా చెప్పబోయింది.

"స్తోత్రం! కోసి చూస్తే గడ్డే లేదంట!" అన్నారు. "ఇంక మాట్లాడకు, కుట్లు లాగుతాయి."

ఆమె మాట్లాడలేదు. ఎవరేమనుకున్నా సరే, ఆ పది రోజులూ రూబీ హాయిగా బతికింది.

కట్టు విప్పాక శాలేమురాజు వచ్చి, ఈ ఆదివారం సాక్ష్యం మీదేనన్నాడు. మేలు పొందినవాళ్ళు సంఘం ముందు నిలబడి ఆ సంగతి చెప్పడం వాళ్ళ ఆనవాయితీ. నాలుగు మాటలు, రెండు కన్నీళ్ళు, ఒక పాటతో గట్టెక్కొచ్చని రూబీ లెక్క వేసుకుంది.

శనివారం సాయంత్రం పుల్లమ్మ ఒక్కతే వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, పైట జరిపి మెడ పక్కన చూపించింది. ఉసిరికాయంత గడ్డ.

"ఆర్నెల్లయిందమ్మా. భయమేసి ఎవరికీ చెప్పలా. నీ గడ్డ ప్రార్థనకే మాయమైందిగా, ఇంక నేను ఆస్పత్రికి పోను."

"ముందు డాక్టరుకి చూపించుకో పుల్లమ్మక్కా."

"రేపు నీ సాక్ష్యం వింటాగా. అది చాలు నాకు."

పుల్లమ్మ వెళ్ళిపోయాక రూబీ తలుపు కూడా వెయ్యకుండా కూర్చుంది. నిజం చెబితే ఈ గుమ్మం తొక్కేవాళ్ళుండరు. చెప్పకపోతే ఆ ముసలామె చచ్చిపోవచ్చు.

ఆదివారం మైకు ముందు నిలబడితే అందరూ ఆమె వైపే నవ్వుతూ చూస్తున్నారు. అంతమంది తనని అంత ఇష్టంగా చూడడం ఆమె జన్మలో ఎరగదు.

"నాకు గడ్డ లేదు. ఎప్పుడూ లేదు. మెడ మడతలు పోవడానికి ఆపరేషన్ చేయించుకున్నాను. చెబితే మీరు మా ఇంటికి రారని చెప్పలేదు. గడ్డలున్నవాళ్ళు నన్ను చూసి ఆగిపోవద్దు. ముందు ఆస్పత్రికి వెళ్ళండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. శాలేమురాజు గబగబా పాట ఎత్తుకున్నాడు. బయటికొచ్చేటప్పుడు అందరికీ ఏదో తొందర పనిపడింది. ఆ పూట రూబీ ఇంటికి ఎవరూ రాలేదు.

సోమవారం పొద్దున్నే పుల్లమ్మ చేతిసంచితో వీధిలో పోతుంటే రూబీ గేటు దాకా పరుగెత్తింది.

"ఆస్పత్రికేనా పుల్లమ్మక్కా?"

పుల్లమ్మ ఆగింది. "అవునండి."

"నేనూ తోడు రానా?"

పుల్లమ్మ ఆమె మొహంలోకి చూడలేదు. "వద్దులెండి టీచరుగారూ, మీకెందుకు శ్రమ" అని మర్యాదగా చెప్పి, గుంటూరు బస్సుకి నడిచింది.