పలచబడని నీడ

గురువారం సాయంత్రం ఆరూ పదికి అత్తగారు గుమ్మంలో పీట వేసుకుని, ఎప్పట్లాగే ఇంటికొచ్చేవాళ్ళ నీడలు చూస్తూ కూర్చుంది. ఆ ఇంట్లో ఒళ్ళు అలిసినకొద్దీ మనిషి నీడ పలచబడుతుంది. దాన్నిబట్టే రాత్రి పనులు పంచడం ఆవిడ అత్తగారి కాలం నుంచీ ఉన్న పద్ధతి. ఫ్యాన్లు బాగుచేసే కొడుకు నీడ ఆ వేళకి ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా ఉంటుంది. కూతురి నీడైతే అంట్లు కనబడగానే వెలిసిపోతుంది.

కోడలి నీడ మాత్రం ఎప్పుడూ కాటుకలా ఉండేది, పొద్దున్నుంచీ ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసి వచ్చినా సరే. "దేవుడు దీనికి ఓపిక దండిగా ఇచ్చాడు" అని మెచ్చుకుంటూనే అత్తగారు పనులన్నీ ఆ పిల్లకే అప్పజెప్పేది. ఆ పిల్ల కూడా తన నీడకేసి చూసుకుని, అలిసిపోయానని చెప్పడానికి సిగ్గుపడేది. ఇప్పుడు లాండ్రీ సూపర్‌వైజరు రెండో షిఫ్టు కూడా చెయ్యమంటున్నాడు. రేపు పొద్దున్న మాట చెప్పాలి. ఇంట్లో అందరూ సరేననేశారు.

ఆ సాయంత్రం ఆమె బండి తోసుకుంటూ వచ్చింది. పాత సైకిలుకి మోటారు, బ్యాటరీ బిగించి మొగుడు చేసిచ్చిన బండి అది.

"ఏమైందే?" అన్నాడతను.

"వంతెన ఎక్కుతుంటే ఆగిపోయిందండీ. పిడిమీది మూడు దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి. ఛార్జింగు నిండుగా ఉందనుకున్నాను."

"వంతెన దగ్గర్నుంచి తోసుకొచ్చావా వదినా?" అంది ఆడబిడ్డ. "నేనైతే అక్కడే వదిలేసి, ఎవరైనా ఎత్తుకుపోతే బాగుండునని దణ్ణం పెట్టుకునేదాన్ని."

అతను గొంతుక్కూర్చుని బ్యాటరీకి మీటరు పెట్టి చూశాడు. తరవాత చేతిపిడి మీద వెలుగుతున్న దీపాలకేసి చూసి నుదురు కొట్టుకున్నాడు.

"తప్పు నాదే. వేగం పెంచే ఈ థ్రాటిల్ పిడి పాత సామాన్లో దొరికింది, ముప్పై ఆరు ఓల్టుల బండిది. మన బ్యాటరీ నలభై ఎనిమిది. తిప్పడానికి ఇబ్బంది లేదు, దానికి మోటారుని నడిపే కంట్రోలరు అయిదు ఓల్టులే ఇస్తుంది. దీపాల వైరు మాత్రం తిన్నగా బ్యాటరీకి కలిపేశాను."

"కలిపితే ఏమిట్రా?" అంది తల్లి.

"ఇవి చిన్న బ్యాటరీ కొలతకి చేసిన దీపాలమ్మా. మన బ్యాటరీ అడుగంటినా వీటి లెక్కలో నిండుగా ఉన్నట్టే."

అత్తగారు దీపాలమీంచి చూపు తిప్పింది. గోడమీద నల్లగా నిలబడ్డ కోడలి నీడనే చూస్తూ ఉండిపోయింది.

"అమ్మాయ్, మీ పుట్టింట్లో నీడ ఎప్పుడు పలచబడేది?"

కోడలు జ్ఞాపకం చేసుకుంది. "మా అమ్మది పలచబడటం ఒక్కసారే చూశానత్తయ్యా. మర్నాడే అమ్మ పోయింది."

ఆడబిడ్డ, "అంట్లు నేను తోముతాలే" అని లేచింది.

మర్నాడు పొద్దున్న కోడలు అలవాటుకొద్దీ లేచింది. నీడ లేవలేదు. తలకింద చెయ్యి పెట్టుకుని, ముడుచుకుని, చాపమీదే పడుంది.

"పద, ఆలస్యమవుతోంది" అందామె దానితో.

అది అటు తిరిగి పడుకుంది.

అత్తగారు వచ్చి చూసింది. లోపల్నుంచి దుప్పటి తెచ్చి, నీడకి భుజాలదాకా కప్పింది.

"అది లేచేదాకా నువ్వూ లేవకు."

"సూపర్‌వైజరుకి మాట చెప్పాలత్తయ్యా."

"అబ్బాయి చెప్పొస్తాడు. ఇవాళ నువ్వు రావనీ, రెండో షిఫ్టు అసలు కుదరదనీ."

ఆమె దుప్పటి అంచు ఎత్తి నీడ పక్కన ఒరిగింది. బయట మొగుడు దీపాల వైరు కత్తిరించి, రాత్రి ఛార్జింగు పెట్టిన బండెక్కి లాండ్రీకి వెళ్ళాడు. ఆడబిడ్డ సణుక్కుంటూ నీళ్ళు పట్టింది. అత్తగారు పొయ్యి వెలిగించింది. పొద్దెక్కేదాకా ఇద్దరూ ఆ దుప్పటి అంచు తొక్కకుండా గోడవారగా నడిచారు.