నీళ్లు చూశావా, అన్నయ్యా?

రేడియేటరు రేకుల సందుల్లో ఇరుక్కున్న పురుగుల్నీ ఇసకనీ ఇనుప దువ్వెనతో దువ్వుతున్నాడు నీళ్లాయన. రేసుకారు ముందుండే ఆ జల్లెడలోకి గాలి దూరితేనే నీళ్లు చల్లారతాయి. నీళ్లు చల్లారితేనే ఇంజిను బతుకుతుంది. ఒంగిన రేకుని గోటితో నిలబెట్టాడు. ఆ గోళ్లు ఎప్పుడో నల్లబడ్డాయి. ముంజేతుల నిండా ఆవిరి కాల్చిన మచ్చలు.

"అన్నయ్యా, నీళ్లు చూశావా?"

"చూశాన్రా," అన్నాడు పైకే.

షెడ్డులో నవ్వులు. "తమ్ముడొచ్చాడ్రోయ్, ఇంకో టీ చెప్పండి!" అన్నాడు టైర్లవాడు.

నవ్వనీ. కారెక్కే ముందు తమ్ముడు ఎప్పుడూ అడిగే మాట అది. పోయాక కూడా అడుగుతూనే ఉన్నాడు.

గాలి తగిలితే వేగం తగ్గుతుందని ఆనాడు ఓనరు రేడియేటరు మొహానికి టేపు వేయించాడు. వేసింది ఈ చేతులే. నీళ్లు మరిగాయి, గొట్టం పగిలింది, ఆ నీళ్లే టైర్ల కిందికి పోయి తమ్ముడి కారు జారి గోడకు కొట్టుకుంది. డ్రైవరు తప్పన్నారు. ఓనరు తప్పు ఏనాడు ఓనరుదయింది గనక! నీళ్లాయన నోరెత్తలేదు. పని పోతే మరదలూ, చంటిపిల్లా ఏం తింటారు?

ఆ చంటిపిల్లే ఇప్పుడు హెల్మెట్ చంకన పెట్టుకుని వచ్చింది, తండ్రి సీట్లో కూర్చోడానికి.

"పెదనాన్నా, మొహం అలా ఉందేంటి?"

"ఎడంచెయ్యి లాగుతోందమ్మా. దువ్వీ దువ్వీ."

"రేసవగానే డాక్టరు దగ్గరికి. ఎగ్గొట్టావో, తాళ్లతో కట్టేసి తీసుకెళ్తా."

కార్లు గీత దగ్గర నిలబడ్డాక చూశాడు నీళ్లాయన. రేడియేటరు మొహానికి అడ్డంగా వెండిరంగు టేపు. ఈసారి టైర్లవాడి చేత వేయించాడు ఓనరు. నీళ్లాయన వెళ్లి కారు ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"ఇంజిను పోతే ఇంకోటి కొంటా, నీకెందుకు?" అరిచాడు ఓనరు. "ముట్టుకున్నావో, రేపట్నించి రాకు!"

"రేపటి మాట ఎవడికెరుక సార్," అని పర్రున పీకేశాడు.

జెండా ఊగింది. గోడవార బోర్లించిన బకెట్టు మీద కూర్చుని చెవి ఒగ్గాడు. కారు వస్తోంది, పోతోంది. బుస లేదు, దగ్గు లేదు. తమ్ముడు కూడా ఏమీ అడగలేదు. నీళ్లాయన వీపు గోడకు వాల్చాడు.

ఆమె నాలుగోదిగా వచ్చింది. ఓనరు నిప్పులు కక్కుతున్నాడు. ఆమె పట్టించుకోకుండా గోడ దగ్గరికి పరుగెత్తింది.

"వేడి చూపే సూది కదల్లేదు పెదనాన్నా! నీళ్లు నువ్వు చూస్తావా, నన్ను చూడమంటావా?"

ఆయన గడ్డం గుండె మీదికి వాలి ఉంది. చెయ్యి పట్టుకుంది. కారు ఇంకా సెగలు కక్కుతోంది, చెయ్యి మాత్రం చల్లబడింది.

బిగిసిన గుప్పిట్లో నలిగిన టేపు. మెల్లగా ఊడదీసింది. దాని జిగురు మీద అరచేతి గీతలన్నీ అచ్చుపడి ఉన్నాయి.