నాలుగో నంబరు దూరం

రామస్వామి టీ నడుస్తూనే తాగుతాడు. చిల్కానగర్ చౌరస్తాలో సాంబయ్య హోటల్ ముందు పదిమంది నిలబడి ఊదుకుంటూ తాగుతుంటే, ఆయన మాత్రం గ్లాసు పట్టుకుని కరెంటు స్తంభం దాకా వెళ్లి వెనక్కి వస్తుంటాడు. నడకలో ఒలికిపోకుండా సాంబయ్య ఆయనకు గ్లాసు ముప్పావే పోస్తాడు. తాగాక మిగతా పావు పోస్తాడు. మొదట్లో ఎవరైనా కొత్తవాళ్లు వింతగా చూసేవారు గానీ ఇప్పుడు ఎవరి టీ వాళ్లు తాగుతారు.

నిలబడితే ఆయన నేలలోకి దిగిపోతాడు మరి. ఎండాకాలమైతే ఒక టీ అయ్యేలోపు చీలమండల దాకా, వానాకాలమైతే ఇంకాస్త. మట్టి అయినా సిమెంటు అయినా ఒకటే. కుర్చీ వేస్తే కుర్చీతో సహా దిగుతాడు. నడుస్తున్నంతసేపు ఏం కాదు, అడుగుల అచ్చులు పడతాయంతే. ఆ అచ్చులు వీధి పొడుగునా ఉన్నాయి. వాన పడితే వాటిలో నీళ్లు నిలుస్తాయి. రోడ్డు కాంట్రాక్టరు వాటిని పూడ్చినట్టు రెండుసార్లు బిల్లు పెట్టుకున్నాడని బస్తీలో చెప్పుకుంటారు. పూడ్చడం మాత్రం ఎవరూ చూడలేదు.

పట్నంలో ఒక్కొక్కరికి ఒక్కో తిప్పలు. ఒకరికి షుగరు, ఒకరికి నడుము నొప్పి, రామస్వామికి ఇది. జనగామ దగ్గర ఊళ్లో ఉన్నప్పుడు లేదని, ఇక్కడికి వచ్చాకే మొదలైందని చెల్లెలు దుర్గమ్మ అంటుంది. దవాఖానాలో చూపిస్తే బలానికి గోళీలు రాసి, ఎక్కువసేపు నిలబడొద్దని చెప్పి పంపారు. మేడ మీదా, బస్సులోనూ ఈ బాధ లేదు కాబట్టి దుర్గమ్మ, ఆమె కూతురు గౌతమి, రామస్వామి ముగ్గురూ రెండో అంతస్తులో ఒక పోర్షన్ తీసుకుని ఉంటున్నారు.

అలాంటి మనిషికి క్రేన్ మీద కొలువు దొరకడం దేవుడి దయే అనుకోవాలి. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఇనుప పైపులు చేసే కంపెనీ ఒకటుంది. ఆ షెడ్డు కప్పు కింద, రెండు గోడల మీదా వేసిన పట్టాలపై, ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగే పెద్ద క్రేన్. దాని కింద వేలాడే క్యాబిన్‌లో రామస్వామి పొద్దంతా కూర్చుంటాడు. అన్నం డబ్బా పైకే, మధ్యాహ్నం టీ తాడు కట్టి పైకే. కాళ్లు చాపుకుని నిండు గ్లాసు టీ తాగేది ఆయన అక్కడే. కింద కొక్కేలు తగిలించేవాళ్లు చెయ్యి ఊపితే పైపుల కట్ట లేచేది, చెయ్యి దించితే దిగేది. ఇరవై ఏళ్లలో ఒక్కరి వేలు కూడా నలగలేదు.

గౌతమి డిప్లొమా చదివింది. ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గర, టైల్స్ షాపు పై అంతస్తులో తేజేష్ అనే ఆయన నడిపే చిన్న ఆటోమేషన్ కంపెనీలో చేరింది. కంపెనీ అంటే తేజేష్, ఇద్దరు ఇంజనీర్లు, ఒక ఏసీ, అది కూడా సగం రోజులే పనిచేసేది. ఏడాదిగా వేరేవాళ్ల వెనకాల స్క్రూడ్రైవర్ పట్టుకుని తిరిగిన గౌతమికి ఆ ఆషాఢంలో తేజేష్ మొదటిసారి ఒక సైటు ఒంటరిగా అప్పగించాడు. నాచారంలో పైపుల కంపెనీ. మనిషి లేకుండా క్రేన్ తనంతట తానే నడవాలి.

అది మా మామ నడిపే క్రేన్ అని ఆమె చెప్పలేదు. చెబితే వేరే వాళ్లకు ఇస్తాడు, అంతే కదా.

పని చెప్పుకుంటే చిన్నదే. మూడు లేజర్ సెన్సర్లు. ఒకటి క్రేన్ గోడకు ఎంత దూరంలో ఉందో చెబుతుంది, ఒకటి అడ్డంగా ఎంత జరిగిందో చెబుతుంది, మూడోది కొక్కెం ఎంత కిందికి దిగిందో చెబుతుంది. ఎర్రని చుక్క వెళ్లి తగిలి వస్తుంది, దూరం అంకెగా మారుతుంది, ఆ అంకెలు ఒకే తీగ మీదుగా షెడ్డు మూలనున్న అద్దాల గదిలోని కంట్రోలరుకు చేరతాయి. చిక్కల్లా ఒకటే. తయారైన చోటి నుంచి వచ్చేటప్పుడు ఈ సెన్సర్లన్నిటికీ అడ్రస్ ఒకటే ఉంటుంది, ఒకటో నంబరు. అలాగే తీగకు కలిపేస్తే, కంట్రోలర్ "ఒకటీ, నీ దూరమెంత?" అని అడగ్గానే ముగ్గురూ ఒక్కసారే మాట్లాడతారు. పెళ్లింట్లో మాటల్లాగా ఏదీ అర్థం కాదు. అందుకని ఒక్కొక్కదాన్ని విడిగా లాప్‌టాప్‌కు కలిపి, నంబరు మార్చి, సేవ్ చేసి, కరెంటు తీసి మళ్లీ ఇవ్వాలి. అప్పుడు ఎవరిని పిలిస్తే వాళ్లే పలుకుతారు.

గౌతమికి ఇదంతా కంఠతా వచ్చు. రెండో రోజుకే మూడింటికీ మూడు నంబర్లు ఇచ్చింది, మామ క్రేన్‌ను ఆ గోడ దాకా, ఈ గోడ దాకా నడిపి చూపిస్తే ఎక్కడ ఆగాలో ఆ చివర్లు కూడా కంట్రోలరుకు నేర్పించింది. అంకెలు ముత్యాల్లా వచ్చాయి. వాటిని కాసేపు చూసి, రెండోదాన్ని, మూడోదాన్ని మళ్లీ ఒకటో నంబరుకు మార్చేసింది. తెర మీద ఎర్రగా ఎర్రర్ వచ్చింది. ప్రాణం కుదుటపడింది.

షెడ్డు సూపర్‌వైజర్ ఉపేందర్ వచ్చి చూశాడు. మంచివాడే, కాకపోతే ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల వైపు ఉండే రకం.

"ఏమైంది మేడం?"

"లైన్‌ల నాయిస్ వస్తుందన్నా. వెల్డింగ్ మిషన్ల వల్ల కావచ్చు."

వెల్డింగ్ మిషన్లు ఏ పాపమూ ఎరగవు. వాటి మీద నెపం పెట్టి ఆమె చాలా రోజులు గడిపింది. తీగ మార్చింది, తీగకు తొడుగు వేసింది, తొడుగు తీసి ఇంకో తొడుగు వేసింది. తేజేష్ రోజూ ఫోన్ చేసేవాడు. మొదట్లో నెమ్మదిగానే అడిగాడు. తర్వాత "గౌతమి, శుక్రవారం దాకా చూస్త. కాకపోతే నేనే మనిషిని తీసుకొని వస్త. నువ్వు ఆఫీసుకు గూడ రానవసరం లేదు" అన్నాడు.

గురువారం మధ్యాహ్నం క్యాబిన్‌లో మేనమామా మేనకోడలూ అన్నాలు తింటున్నారు. కింద పైపులు కడుగుతున్న నీళ్ల చప్పుడు. దుర్గమ్మ గోంగూర పప్పు, మామిడికాయ తొక్కు పెట్టింది.

"పని అయిపోయింది గదా బిడ్డా," అన్నాడు రామస్వామి.

"ఎక్కడ మామ. నాయిస్ వస్తుందని చెప్తలేనా?"

"పని కాకుంటే నువ్వు బువ్వ తినవు. చిన్నప్పటి సంది గంతే. పరీక్షలప్పుడు మీ అమ్మ ఎంటపడి తినిపిస్తుండె. ఇప్పుడు నా డబ్బాల పప్పు గూడ నువ్వే తింటున్నవ్."

గౌతమి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"నేను చేస్తే నువ్వు కిందికి దిగాలె మామ."

"నువ్వు చెయ్యకుంటే ఇంకొకరు చేస్తరు. అప్పుడు నీ కొలువూ పాయె, నా కొలువూ పాయె. ఒక్కటన్న ఉండనీ."

"ఇంట్ల కూసో. నేను సాదుత."

"కూసొని తినుడు నాతోని కాదు. గేటు కాడ డ్యూటీ ఇస్తమన్నరు, ఉపేందర్ చెప్పిండు. రిటైర్మెంట్‌కు ఇంక మూడేండ్లే గదా. నడుసుకుంట చేస్త. నాకు నడుసుడు కొత్తనా?"

ఆయన డబ్బా మూత పెట్టి చేతులు తుడుచుకున్నాడు. గౌతమి ఏడ్చింది. ఎక్కువసేపు కాదు. ఎక్కిళ్లు ఆగాక లాప్‌టాప్ తెరిచి, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు ఇచ్చి, సేవ్ చేసి, కరెంటు తీసి మళ్లీ ఇచ్చింది. అద్దాల గదిలో మూడు అంకెలూ పచ్చగా వెలిగాయి. ఉపేందర్ కింద నుంచి బొటనవేలు చూపించాడు. క్రేన్ తనంతట తానే కదిలింది. రామస్వామి చేతులు అలవాటుగా లివర్ల మీదికి పోయి, అక్కడ చేసేదేమీ లేక, ఒళ్లోకి వచ్చి కూర్చున్నాయి.

శుక్రవారం తేజేష్ మిఠాయి పెట్టె తెచ్చాడు. గౌతమిని అందరి ముందూ మెచ్చుకున్నాడు.

గేటు దగ్గర రామస్వామి అన్నట్టే నడుస్తూ డ్యూటీ చేశాడు. గేటు ఈ చివర నుంచి ఆ చివర దాకా, తిరిగి ఈ చివర దాకా. లారీ వస్తే నడుస్తూనే నంబరు చూసేవాడు, నడుస్తూనే సెల్యూట్ కొట్టేవాడు. దీపావళికి అక్కడ మోకాలి లోతు కాలువ పడింది. చలికాలం వెళ్లేసరికి మోకాళ్లు వాచిపోయాయి. కూర్చోక తప్పలేదు.

అప్పుడు గౌతమి ఆఫీసులో మిగిలి ఉన్న నాలుగో సెన్సర్‌ను అడిగి తెచ్చింది. గేటు రేకుల కప్పు కింద, సరిగ్గా కుర్చీ పైన, కిందికి చూసేలా బిగించింది. తీగను షెడ్డు లైనుకు కలిపి, నాలుగో నంబరు ఇచ్చింది. క్రేన్ మూడు అంకెల కింద ఇప్పుడు ఇంకో అంకె, రామస్వామి నడినెత్తికి కప్పుకు మధ్య దూరం. అది హద్దు దాటితే అద్దాల గదిలో గంట మోగేలా పెట్టింది. తన ఫోనుకే మెసేజ్ వచ్చేలా చేద్దామనుకుంది గానీ అందుకు షెడ్డు లోపల నెట్ కావాలి. కంపెనీ ఇవ్వనంది.

మొదట్లో ఏ లోటూ లేదు. గంట మోగగానే కొక్కేల పనివాళ్లు ఇద్దరు నవ్వుకుంటూ వచ్చి, చెరో రెక్కా పట్టి లేపేవారు. "రామస్వామన్న, జర బరువు తగ్గరాదే" అనేవారు. కుర్చీని కూడా పీకి పక్కన వేసేవారు. అయితే క్రేన్ తనంతట తాను నడుస్తున్నాక కింద అంతమంది ఎందుకని కంపెనీకి తోచింది. ఒకరిని మేడిపల్లి గోడౌనుకు పంపారు, ఇద్దరిని రావద్దన్నారు. చివరికి గంట మోగితే వెళ్లడానికి ఉపేందర్ ఒక్కడే మిగిలాడు. లోడు గాల్లో ఉండగా గది వదిలి వెళ్లకూడదని అతనికి ఆర్డరు. గంట నొక్కి ఆపి, లోడు దిగాక వెళ్లేవాడు. ఒక్కడి వల్ల కాకపోతే దారిన పోయే ఆటో అతన్ని పిలిచేవాడు.

రోజూ సాయంత్రం మామను బండి మీద తీసుకొచ్చేటప్పుడు గౌతమి వీపుకు ఆయన ప్యాంటు మట్టి అంటేది. "ఇయ్యాల ఎంత దాక మామ?" అని అడిగేది. "నడుము దాకనే" అనేవాడు, అదేదో తక్కువైనట్టు.

మళ్లీ ఆషాఢం వచ్చింది. బోనాల ఆదివారం షెడ్డు బందు. గేటుకు మాత్రం సెలవు లేదు. పొద్దున దుర్గమ్మ బోనం ఎత్తుకుంటే గౌతమి ఆమె వెనక గుడికి నడిచింది. డప్పుల మోతలో మామకు ఫోన్ చేస్తే ఎత్తాడు. "మంచిగనే ఉన్న, జర వాన పడ్డది, నేల మెత్తగున్నది. అమ్మను సూస్కో" అన్నాడు. మధ్యాహ్నం చేస్తే ఫోన్ కలవలేదు.

బండి మీద నాచారం వెళ్లేసరికి గేటు దగ్గర కుర్చీ లేదు. కుర్చీ వెడల్పు గుంత ఉంది. అంచు మీద ఆయన టోపీ ఉంది, తలకు గీరుకుని పైన ఆగిపోయినట్టుంది. గౌతమి బోర్లా పడుకుని మామా మామా అని గొంతు పోయేదాకా పిలిచింది. లోపల షెడ్డులో, ఖాళీ కుర్చీల మధ్య, గంట ఇంకా మోగుతూనే ఉంది. తెర మీద నాలుగో నంబరు పక్కన అంకె లేదు. రేంజ్ దాటిందని రాసి ఉంది. ఆ సెన్సర్ పది మీటర్ల వరకే చూడగలదు.

పోలీసులు వచ్చి, టేపుతో లోతు కొలవబోయి, టేపు చాలక వెళ్లిపోయారు. ఉపేందర్ దుర్గమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమైనదే. వారం తిరిగేలోగా కంపెనీ గుంతలో కాంక్రీటు పోయించి, పైన నున్నగా గచ్చు చేయించింది. గేటుకు మోటారు పెట్టించింది. ఆ మోటారు పని కూడా తేజేష్‌కే వచ్చింది, దాన్ని గౌతమే చేసింది. చేయనంటే ఇంకొకరు చేస్తారు.

నాలుగో సెన్సర్ సంగతి అందరూ మరిచిపోయారు. కప్పు నుంచి గచ్చుకు ఉన్న దూరం, కదలని ఒకే అంకె, నెలల తరబడి తెర మీద ఉండిపోయింది. చివరికి ఒక రోజు తేజేష్ అన్నాడు, "అది ఊకెనే అక్కడున్నది, ఇప్పుకొని రా. పోచారంల ట్యాంకుల నీళ్ల లోతు సూడనీకి పనికొస్తది."

గౌతమి వెళ్లింది. నిచ్చెన తెమ్మని లోపలికి కబురు పంపి గచ్చు మీద ఆగింది. ఎర్రని చుక్క ఆమె నడినెత్తి మీద పడింది. కింద ఆయన ఉన్నాడా, ఇంకా దిగుతూనే ఉన్నాడా, ఎక్కడైనా ఆగాడా అని ఆలోచించింది. కోపం వచ్చింది. తేజేష్ మీదా, ఉపేందర్ మీదా, ఆ గురువారం తిన్న పప్పన్నం మీదా వచ్చింది. ఎవరి మీదా నిలవలేదు, తన మీదకే వచ్చి చేరింది. అలా ఎంతసేపు నిలబడిందో ఆమెకు తెలియదు.

ఫోన్ మోగింది. అద్దాల గది నుంచి ఉపేందర్.

"మేడం, నాలుగో నంబరు మారుతుంది. ముందు ఒక్కసారి తగ్గింది. ఇప్పుడు మెల్లమెల్లగ పెరుగుతుంది. ఏమన్న సెట్టింగ్ జేస్తున్నరా?"

గౌతమి కిందికి చూసుకుంది. బూట్ల లేసులు కనిపించలేదు.

"లేదన్నా," అంది. "సెన్సర్ మంచిగనే ఉంది."

ఒక కాలు, తర్వాత ఇంకో కాలు బయటికి లాక్కుని నడవడం మొదలుపెట్టింది. నిచ్చెన వచ్చేదాకా గేటు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది.

సాయంత్రం చిల్కానగర్ చౌరస్తాలో బండి దిగి టీ అడిగింది. సాంబయ్య గ్లాసు నింపబోతూ రోడ్డు మీద ఆమె వెనక పడిన అడుగులు చూశాడు. ముప్పావు పోసి, గ్లాసు తుడిచి, చేతికిచ్చాడు.