రెండు బస్తాలూ, ఒక కందిపప్పు పొట్లమూ

కారు అనంతగిరి ఘాటీ ఎక్కుతోంది గానీ చక్రాలు నేలకి ఆనడం లేదు. నాలుగూ రోడ్డుకి జానెడు ఎత్తున వేలాడుతూ తిరుగుతున్నాయి, స్టీరింగు నా చేతుల్లోనే ఉంది, ఎటు తిప్పినా బండి మాత్రం తనకి తోచిన దారినే పోతోంది, మలుపు మలుపుకీ కాఫీ తోటల మీంచి మంచు దిగి అద్దం మీద పడుతోంది, ఆ మంచులో కారు పక్కనే మా గౌరినాయుడు బావ లుంగీ పైకి కట్టి నడుస్తున్నాడు. స్పీడు ముల్లు నలభై మీద ఉంది. ఆయన రైతుబజారుకి బయల్దేరిన మనిషిలా తాపీగా అడుగులేస్తున్నాడు, అయినా వెనకబడడం లేదు. బావ పోయి పదకొండు నెలలైంది. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు, మర్యాదకి ఇద్దరమూ ఎత్తడం లేదు.

"ఎక్కు బావా, ఈ నడకెందుకు?" అంటాను.

"ఎక్కడ ఎక్కమంటావురా చిన్నంనాయుడూ, ఖాళీ ఏదీ?"

చూస్తే నిజమే. ఈ కారుకి ఉన్నవే రెండు సీట్లు. ఒకదాంట్లో నేనున్నాను, రెండోదాంట్లో రెండు బియ్యం బస్తాలు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉన్నాయి, వాటి మీద ఒక కందిపప్పు పొట్లం, మూడింటికీ కలిపి సీటు బెల్టు. పొట్లం పెళ్లిచూపుల్లో పిల్లలాగ కాస్త తల వంచుకుని ఉంది.

"ఇదేటి బావా?"

"మీ అక్కరా" అంటాడు, కిటికీలోంచి చెయ్యి పెట్టి బెల్టు సర్దుతూ. "పాతికేసి కేజీల బస్తాలు రెండు, మీద ఐదు కేజీల పప్పు. తూకం వేసి మరీ చూసేను. అచ్చం మీ అక్కే."

నాకు ఇందులో వింతేమీ కనిపించడం లేదు. పెద్దది కదా, బస్తాలకి దండం పెట్టాలా అక్కర్లేదా అన్నదే నాకు పెద్ద సమస్యగా ఉంది. మా అక్క నూకరత్నం నిజంగానే అంత బరువు ఉంటుంది, ఆమె మాట బరువు వేరే లెక్క.

ముందు మలుపులో ఆర్టీసీ బస్సు కనిపిస్తుంది. ఆ బస్సుని నేను ఎరుగుదును. ఏడేళ్లుగా మా ఇంట్లో ఆ బస్సు గురించి ఎవరూ మాట్లాడరు. బావ హార్బరులో క్రేను నడిపే రోజుల్లో ఊరు వదిలి వెళ్లిపోతున్న ఒక ఓడ ఆఫీసరు దగ్గర ఈ ఎర్ర కారు కొన్నాడు, రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, కూర్చుంటే రోడ్డు మీద పీట వేసుకుని కూర్చున్నట్టు ఉంటుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ముప్పై ఏళ్ల పాత స్ప్రింగులు, చమురు కారిపోయిన షాకప్‌లు, గులకరాయి మీదెక్కినా వెన్నుపూసకి తెలిసిపోతుంది. అందులో అక్కని అరకు తీసుకెళ్తానని బయల్దేరదీశాడు. ఆరో మలుపు దగ్గర అక్క "ఆపండి" అంది, నడుం పట్టుకుని దిగింది, కిందకి వెళ్తున్న బస్సుకి చెయ్యెత్తి ఎక్కేసింది. బావ ఆ బస్సు వెనకాలే విశాఖపట్నం దాకా కారు నడుపుకుంటూ వచ్చాడు, ఓవర్‌టేక్ కూడా చెయ్యకుండా.

ఇప్పుడు ఆ బస్సు వెనక అద్దంలో అక్క కూర్చుని ఉంది, మా వైపు చూడడం లేదు, చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఈనెలు రోడ్డంతా పడుతున్నాయి.

"ఇంకా కోపమేనా?" అంటాడు బావ, మెల్లిగా.

"కోపం నీ మీద కాదు బావా, కారు మీద" అంటాను. "సాయంత్రం నాలుగింటికి నా లారీ షెడ్డుకి వస్తానంది. ఒక్కసారి కూకుంటాను, గజం దూరం పోయేక నడుం పట్టీసిందంటే బండిని ఎవరికైనా ఇచ్చీయ్ అంది. వాకిట్లో అదుంటే ఆయన ఊరెళ్లి ఇంకా రానట్టే ఉంటాదిరా, నా వల్ల కాదు అంది."

బావ నడుస్తూనే ఉన్నాడు, ఆయన చెప్పుల చప్పుడు మాత్రం ఆగిపోయింది. ఈ కారు వెళ్లిపోతే ఈ మనిషితో నాకు మిగిలిన ఆఖరి పని కూడా వెళ్లిపోతుంది, అది నాకు తెలుసు, ఇన్నాళ్లూ రోజూ రాత్రి భోజనం మానుకుని మరీ ఆ బండి కింద దూరింది అందుకే.

ఘాటీ రోడ్డు అలా అలా సాగి హార్బరులోకి వచ్చేస్తుంది, కాఫీ చెట్లు ఉన్నచోటే ఇనప ఖనిజం గుట్టలు ఉన్నాయి, మంచు అలాగే ఉంది, ఎర్రగా. తల ఎత్తి చూస్తే కారుని ఒక కొక్కెం పట్టుకుని ఉంది, కొక్కేనికి తాడు, తాడు పైన క్రేను, క్రేను గదిలో బావ. పక్కనా బావే నడుస్తున్నాడు. ఇద్దర్లో ఎవరితో మాట్లాడాలో తెలియక పక్కనున్న బావతోనే మాట్లాడతాను.

"అన్నీ మార్చేను బావా. నువ్వు చెప్పిన స్ప్రింగులే వేసేను, నేను చెప్పినవి కాదు. షాకప్‌లు నాలుగూ కొత్తవి. చక్రాల కీళ్లలో బుష్షులన్నీ కొత్తవి, అచ్చమైన రబ్బరు. ఒక్క బోల్టు కూడా పాతది ఉంచలేదు. అయినా నిన్న రోడ్డెక్కిస్తే ముక్కు పైకెత్తుకుని నిలబడతాది, గోతిలో పడితే ధన్‌మంటాది, కీచుమంటాది. నాకు అంతు చిక్కడం లేదు."

"ముప్పై ఏళ్లు లారీలు బాగు చేసినోడివి" అంటాడు బావ.

"బాగు చేసినోణ్నే."

"గాజువాకలో కమాను కట్టలంటే నీ తరవాతే అంటారు."

"అంటారు" అంటాను, కొంచెం సిగ్గుగానూ కొంచెం కాకుండానూ. కమాను కట్టంటే లారీ బరువంతా మోసే ఉక్కు పట్టీల దొంతర.

ఆయన నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసేసరికి నేను దాచుకున్న మాట దానంతట అదే బయటికి వస్తుంది. ఈ స్ప్రింగుల దగ్గరే మా ఇద్దరికీ చెడింది. స్పోర్ట్స్ కారన్నాక పొట్టిగా, గట్టిగా ఉన్న స్ప్రింగులు వెయ్యాలి, కారు నేలని నాకుతున్నట్టు ఉండాలి, మలుపులో ఒరగకూడదు అని నేను. మీ అక్క నడుం ఒప్పుకోవాలి, తక్కినవన్నీ ఆ తరవాత అని ఆయన. మాటా మాటా పెరిగింది. "అక్కకి పల్లకీ కావాలంటే బోయీల్ని పెట్టుకో బావా, మెకానిక్కుతో పనేటి?" అని విసురుగా అనేసి పానా అక్కడే పడేసి వచ్చేశాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు, నేను తీసుకోవడానికి వెళ్లేలోపే మనిషి లేడు. ఎనిమిదో రోజు పొద్దున్న పళ్లు తోముకుంటూ కూలబడిపోయాడు.

"ఆ మాట అనకుండా ఉండాల్సింది బావా" అంటాను. నా గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. "రోజూ గుర్తొస్తాది. నిద్దట్లో కూడా గుర్తొస్తాది."

"ఏ మాట?"

"పల్లకీ మాట."

"అదా!" అని బావ పెద్దగా నవ్వుతాడు, హార్బరులో పక్షులన్నీ లేచిపోతాయి. "అది తిట్టనుకున్నావేట్రా? నాకేం కావాలో నాకే చెప్పడం రాలేదు, నువ్వు ఒక్క ముక్కలో చెప్పీసేవు. పల్లకీ. అదే కావాలి. ఆవేళ ఇంటికెళ్లి మీ అక్కతో కూడా అన్నాను, మీ తమ్ముడు నోటిదురుసు గాని తెలివైనోడే అని."

నేను ఏడుస్తున్నాను. ఏడుపు హాయిగా ఉంది. బస్తాల మీద పొట్లం కూడా కొంచెం ఇటు తిరిగినట్టు ఉంది.

హార్బరు నేల చూస్తుండగానే అక్క వంటింటి గచ్చు అయిపోయింది, అదే నల్లరాయి, అదే పగులు, గచ్చు మీద బియ్యం డబ్బా మూత తీసి ఉంది. కారు గచ్చుకి జానెడు పైన ఊగుతోంది. బావ వంగి కింద చక్రాల వంక చూస్తాడు, నేనూ కిటికీలోంచి వంగుతాను, ఇద్దరం తలలు ఆనించుకుని ఒకే చోట చూస్తున్నాం.

"నీ షెడ్డులో లారీ కమాను కట్ట వేసీసి యూ-బోల్టులు బిగించి పంపీస్తావా?" అంటాడు.

"పంపిస్తానేటి? లోడెక్కించి రమ్మంటాను. లోడు మీద మళ్లీ బిగిస్తాను. లేకపోతే బండి సర్దుకోదు కదా."

"మరి దీనికి?"

"దీనికి లోడేటి బావా, బొమ్మ..." అని మొదలుపెట్టి ఆగిపోతాను.

"చెప్పు, చెప్పు. బొమ్మ కారు." బావకి కోపం లేదు, వేలితో చక్రాన్ని తడుతున్నాడు, అది ఊరికే తిరుగుతోంది. "జాకీల మీద పైకెత్తీసేవు. చక్రాలు ఇలగే వేలాడుతున్నాయి. ఆ వేలాడేటప్పుడే బుష్షు బోల్టులన్నీ కసిగా బిగించీసేవు. లోపల రబ్బరు ఆ వేలాడ్డమే తన బతుకనుకుంది. ఇప్పుడు నేల మీద నిలబడమంటే మెలితిరిగిపోయి పైకి తంతోంది. అది కారు తప్పా?"

నేను కారు వంక చూస్తాను, అదే కొక్కేనికి వేలాడుతున్నట్టున్న నా చేతుల వంక చూస్తాను. పదకొండు నెలలుగా నా భుజాలు ఇలాగే బిగుసుకుని ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది. ఏ లారీ షెడ్డు కుర్రాడికైనా తెలిసిన సంగతి, ఈ కారుని నేనెప్పుడూ బండిగా లెక్కపెట్టలేదు కాబట్టి నాకు తట్టలేదు, అంతే.

"నేలకి దింపు" అంటాడు బావ. "బోల్టులు వదులు చెయ్యి. ఎక్కవలసినోళ్లని ఎక్కించు. అప్పుడు బిగించు. అందుకే కదరా బస్తాలు మోసింది, బిగించేటప్పుడు మీ అక్కని గంటసేపు కూకోమంటే కూకుంటాదేటి?"

"మరి డ్రైవరు సీట్లో? నీ బరువుకి ఎన్ని బస్తాలు?"

ఆయన లుంగీ దులుపుకుంటాడు, అందులోంచి కొంచెం బియ్యం రాలుతుంది.

"నా బరువెందుకురా ఇంక? నీ బరువు పెట్టు. అరకు దాకా నడపాల్సింది నువ్వు." తరవాత కిటికీలోంచి వంగి నా చెవి దగ్గర, రహస్యంలా అంటాడు: "ఆరో మలుపు దగ్గర ఆపు. దిగుతావా అని అడగొద్దు. ఊరికే ఆపు, కాఫీ ఇప్పించు, మళ్లీ ఎక్కించు."

పైన క్రేను గదిలో ఉన్న బావ ఏదో మీట లాగుతాడు. తాడు వదులవుతుంది, కారు ఊపిరి వదిలినట్టు కిందకి దిగుతూ ఉంటుంది, గచ్చు దగ్గరవుతోంది, పక్కనున్న బావ బస్తాలని ఒకటొకటిగా భుజానికెత్తుకుంటున్నాడు, "ఇవి ఇంటికి పట్టుకెళ్లాలి, లేకపోతే మీ అక్క చంపీస్తాది" అంటున్నాడు, పొట్లం చంకలో పెట్టుకోబోతే దాని మూల చిరిగి పప్పు సీటు మీద జలజలా పోతోంది, ఏరబోతున్నాను, చక్రాలు నేలకి తగిలాయి.

"షెడ్డులో తొంగున్నావేట్రా? నాలుగింటికి రమ్మన్నావు!"

కళ్లు తెరుస్తాను. కారులోనే ఉన్నాను, డ్రైవరు సీట్లో, తలుపు బార్లా తీసి ఉంది. మధ్యాహ్నం భోంచేసి ఒక్క నిమిషం కదా అని వాలినట్టున్నాను. ఎండ వాలి రేకుల కిందకి వచ్చింది, గుమ్మంలో అక్క గొడుగు మడుస్తోంది. నా ఎడమ చెయ్యి పక్క సీటు మడతలో, వెన్నుకీ కూర్చునే దిండుకీ మధ్య ఇరుక్కుని ఉంది. లాగితే వేళ్లకి ఏదో గరుకుగా తగులుతుంది. బయటికి తీసి అరచేతిలో చూసుకుంటాను. మూడు కందిపప్పు బద్దలు, పాతబడి రంగు తగ్గినవి.

అక్కకి చూపిస్తాను.

అక్క కళ్లజోడు పెట్టుకుని చూస్తుంది. "కందిపప్పు" అంటుంది. "పోయినేడు ఐదు కేజీల పొట్లం ఇంట్లోంచి మాయమైపోనాది. కొట్టువాడు ఇవ్వలేదని వాడితో దెబ్బలాడేను. రెండ్రోజుల తరవాత చూస్తే డబ్బా పక్కనే ఉంది, మూల చిరిగి. ఈయన్ని అడిగితే ఎలకలన్నాడు."

"నువ్వు కూర్చునే చోటు అక్కా అది" అంటాను. "నీ బరువుకి సరిచూస్తున్నాడు."

అక్క మూడు బద్దలూ నా చేతిలోంచి తీసుకుని పైట కొంగున ముడేసుకుంటుంది. చెప్పులు విడిచి, కారు కాదు పూజగది అన్నట్టు, మెల్లిగా వంగి ఆ సీట్లో కూర్చుంటుంది. నేను దిగి, నా బరువుకి సరిపడా బస్తాలు పక్క కొట్టు నుంచి తెప్పించి నా సీట్లో పెట్టించి, పానా పట్టుకుని కారు కిందున్న లారీల మరమ్మతు గోతిలోకి దిగుతాను. తల మీద కారు తన నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంది. మొదటి బోల్టు వదులు చేస్తాను. కీచుమని ఒక్క మూలుగు, ఆపైన ముందు భాగం మెత్తగా రెండు వేళ్లు కిందకి కుంగుతుంది.

"ఒరేయ్, కదిలింది!" పైనుంచి అక్క గొంతు. "దిగిపోమంటావా?"

"వద్దక్కా, కూకో" అంటాను. "నువ్వు ఉంటేనే బిగించాలి."