ఏడిళ్ళ జున్ను

మీమూన్ ముసలాయనకి లోకంలో రెండిటి మీదే గట్టి నమ్మకం. ఒకటి అల్లా, రెండోది జున్ను. మొదటిదాని గురించి పెద్దగా మాట్లాడడు. రెండోదాని గురించి ఎత్తుకుంటే మాత్రం కూర్చున్నవాళ్ళ టీ గ్లాసులు చల్లారిపోవలసిందే.

ఆ అట్లాస్ కొండ ఊళ్ళో గొర్రె ఈనినా, ఆవు ఈనినా మొదటి మూడు రోజుల పాలు మనుషులవే. ఉప్పేసి ఉడికించి, గొర్రెవైతే ఇంట్లో తినాలి, ఆవువైతే ఏడిళ్ళకి పంచాలి. పంచకపోతే పొదుగు ఎండిపోతుందని భయం. పసికూనకి ఆ మూడు రోజులూ మేకపాలలో నీళ్ళు కలిపి పట్టేవారు.

"మొదటి పాలు చిక్కన. పసికడుపు ఓర్చుకోదు, పారుకుంటుంది" అనేవాడు మీమూన్, గిన్నె అడుగు వేలితో నాకుతూ.

ఆ పాలు పట్టకపోయినా పారుకునేవి. మూడేళ్ళుగా ఆయన కొట్టంలో పుట్టిన గొర్రెపిల్లలు నాలుగో రోజుకల్లా తెల్లగా, నీళ్ళలా పారుకుని, కళ్ళు లోపలికి పోయి, వారం తిరక్కుండా చచ్చిపోయేవి. దిష్టి కొట్టిందని మీమూన్ ప్రతి పిల్ల నుదుటా తారు చుక్క పెట్టేవాడు. వాటి ముడ్లు కడిగేది కోడలు తూదా.

"పైన నువ్వు చుక్క పెట్టు మామా, కింద నేను తుడుస్తా. చచ్చేలోగా సింగారం పూర్తవుద్ది" అనేది.

టీకాలు వెయ్యడానికి వచ్చిన పశువుల డాక్టరు తూదాతో ఒక మాట చెప్పి పోయాడు. ఇది కొట్టం మురికిలో ఉండే, కంటికి కనపడని పురుగు పని అని, పుట్టిన గంటలోపే కడుపులో పడిన తల్లిపాలే దానికి కాపలా అని.

"కనపడని పురుగు నా గొర్రెపిల్లని చంపుద్దా? దానికి నోరెక్కడుంది, పళ్ళెక్కడున్నాయి?" అని మీమూన్ కొట్టిపారేశాడు.

తూదా మాత్రం కొట్టిపారేయలేదు. మందలో ఒక తన్నుబోతు గొర్రె ఉంది. పాలు పిండబోయిన మీమూన్ మోకాలు వాచేలా తన్నింది. దాని జోలికి ఎవరూ వెళ్ళరు గనక దాని పిల్లలు పుట్టగానే తల్లి దగ్గరే తాగాయి. కొట్టం మొత్తంలో బతికి బట్టకట్టినవి ఆ రెండే.

ఆ యేడు ఆవు చూడితో ఉంది. పెయ్యదూడ పుడితే కోడలిదేనని మీమూన్ నలుగురిలో ఒట్టేశాడు. పెళ్ళయి ఆరేళ్ళయినా ఆ ఇంట్లో తనదని చెప్పుకోడానికి తూదాకి ఒక కోడి కూడా లేదు. అందుకే ఆ దూడ మీద గంపెడాశ పెట్టుకుంది.

మీమూన్ సంతకి వెళ్ళిన రోజు పొద్దున్నే ఆవు ఈనింది. పెయ్యే. తూదా పొదుగు కడిగి, తడి ఆరని దూడ నోటికి చన్ను అందించింది. పక్కింటి ఈజ్జా చూసి లబలబలాడింది.

"ఏయ్, మతి పోయిందా? దాన్ని లాగు! ఏడిళ్ళవాళ్ళూ గిన్నెలు కడిగి పెట్టుకున్నారే!"

"ఇంకోసారి కడుక్కుంటారులే పిన్నీ."

"మీ మామకేం చెప్తావు?"

"జున్ను పెడతా. నోట్లో ముద్ద ఉన్నంతసేపు మామ ప్రశ్నలడగడు."

ఈజ్జా పడీపడీ నవ్వి, ఇంట్లోంచి డజను గుడ్లు తెచ్చిచ్చింది. కొండ ఆవుకి పాలెన్నని? దూడ మూడు రోజులూ చుక్క మిగల్చకుండా తాగింది. మేకపాలలో గుడ్లు గిలక్కొట్టి ఉడికించిన జున్ను ఏడిళ్ళకీ వెళ్ళింది. మూడో రోజు రాత్రి సంత నుంచి వచ్చిన మీమూన్ రెండు గిన్నెలు లాగించి కళ్ళు మూసుకున్నాడు.

"ఇదీ జున్నంటే! మా అమ్మ చేతిది తిన్నాక మళ్ళీ ఇదే."

దూడ నుదుటా తారు చుక్క పెట్టి, నాలుగో రోజు నుంచి ఆయన పొద్దున్నే లేచి దూడ తోకెత్తి చూడటం మొదలుపెట్టాడు. పొడిగా ఉంది. పదో రోజుకి దూడ ఆయన్నే కుమ్మింది. ఇరుగుపొరుగుని పిలిచి, "చూశారా నా తారు చుక్క మహిమ!" అని రొమ్ము విరుచుకున్నాడు.

తూదాకి ఒళ్ళు మండింది. "చుక్కా లేదు, నీ మొహమూ లేదు మామా. దాని పాలు అదే తాగింది. నువ్వు తిన్నది గుడ్లు."

గొల్లున నవ్వారు. మీమూన్ మొహం కందగడ్డయింది.

"ఏడిళ్ళ ముందు నా పరువు తీస్తావటే? ఈ దూడ నీది కాదు పో!"

తూదా కొట్టం తలుపుకి అడ్డంగా నిలబడింది. "తీసుకో. కానీ నువ్వు తోకెత్తి చూసిన పిల్లల్లో ఎన్ని ఇలా కుమ్మాయో చెప్పి మరీ తీసుకో."

మీమూన్ వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. నిరుడు పోయినవి పదకొండు. ముందటేడు తొమ్మిది. ఆ ముందు...

"వాటన్నిటి పాలూ నేనే తిన్నానా?" అన్నాడు సన్నగా.

నవ్వేవాళ్ళు నవ్వు ఆపారు. తూదాకి ఏడుపొచ్చింది. "వండింది నేనే కదా మామా" అంది.

ఆయన ఇంట్లోకి పోతూ పోతూ "దూడ నీదే" అని గొణిగాడు.

మర్నాడు ఒక గొర్రె ఈనింది. పొదుగు చూడగానే మీమూన్ నోట్లో నీళ్ళూరాయి. గుటక మింగి, మోకాళ్ళ మీద కూలబడి, వణుకుతున్న పిల్ల మూతిని చన్నుకి ఆనించాడు.

"తాగవే తల్లీ, గబగబా తాగు" అన్నాడు. "నా మనసు మారకముందే."