ఆరో బెల్టు

ఏప్రిల్‌లో వీడియో ఇంటర్వ్యూకు కూర్చుని నూటికి తొంభై రెండు మార్కులు తెచ్చుకున్న ఓడల నిపుణుడు రామ్మోహనరావు, ఆ ఇంటర్వ్యూకు నెల ముందే చనిపోయాడని నీహారికకు జనవరిలో, సరిగ్గా ఓడను పైకెత్తే రోజు ఉదయం తొమ్మిదింటికి తెలిసింది.

చెప్పింది ఆయన భార్య పద్మావతి. నిజాంపేట నుంచి ఆటోలో వచ్చి, రాయదుర్గంలోని ప్రాజెక్టు ఆఫీసు ఇంకా తెరవకముందే లిఫ్టు పక్కన కుర్చీలో కూర్చుంది. చేతిలో రెండు కాగితాలు. ఒకటి ఆఫీసు పంపిన ఆహ్వానపత్రం. రెండోది మరణ ధ్రువపత్రం. మార్చి తొమ్మిది, గుండెపోటు.

"మొన్న కొరియర్‌లో వచ్చిందండి. ఓడ పైకెత్తే వేడుకకి మా వారిని రమ్మన్నారు. శాలువా కప్పుతామని కూడా రాశారు. పోయిన మనిషికి శాలువా ఏమిటండి?"

నీహారిక కంప్యూటర్ తెరిచి ఇంటర్వ్యూ రికార్డింగ్ పెట్టింది. తెర మీద నల్లని జుట్టున్న మనిషి ప్రతి ప్రశ్ననూ ఒకసారి తిరిగి చెప్పి, రెండు క్షణాలు ఆగి జవాబు ఇస్తున్నాడు.

పద్మావతి ముందుకు వంగి చూసింది. "ఈయనెవరండీ?"

"రామ్మోహనరావుగారు."

"మా వారికి ఇంత జుట్టెక్కడిదండీ!" అని ఆవిడ నవ్వబోయి, నవ్వలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ప్రభుత్వ నిధులతో నడిచే తీర వారసత్వ నౌకల ప్రాజెక్టులో కొనుగోళ్ళు, నియామకాలు నీహారిక పని. కాకినాడకు దిగువన మట్లరేవు పాయలో నూట పదేళ్ళ నాటి టేకు ఓడ ఒకటి బురదలో కూరుకుపోయి ఉంది. దాన్ని పైకెత్తి, బాగుచేసి, మ్యూజియంలో పెట్టాలి. ఎలా ఎత్తాలో లెక్కగట్టి చెప్పడానికి కన్సల్టెంటును పిలిచారు. టెండర్‌లో మాదాపూర్ కంపెనీ ఒకటి గెలిచింది. గెలిచింది రామ్మోహనరావు అనుభవం చూపించే. మార్కులు వేసిన కమిటీలో ముగ్గురు: డైరెక్టరు, సాంకేతిక సభ్యుడు వెంకటనారాయణ, కార్యదర్శి నీహారిక. ఆ మార్కుల కాగితం మీద మూడో సంతకం ఆమెదే.

ఓడను ఎత్తేది ఈ రోజే. అమావాస్య వెళ్ళిన రెండో రోజు పోటు. పది నలభైకి నీళ్ళు నిండుగా ఉన్నప్పుడే క్రేన్ ఉన్న చదునైన పంటు పడవ పాయలోకి రాగలదు. ఓడ అడుగు నుంచి చుట్టిన తొమ్మిది బెల్టులతో క్రేన్ దాన్ని ఎత్తాలి. ఓడ లేస్తున్నంతసేపూ లోపల ముగ్గురు వడ్రంగులు నిలబడి, వదులయ్యే ఆసరా దుంగలను సుత్తులతో బిగిస్తూ ఉండాలి. అలా అని రాసింది రామ్మోహనరావు. అంటే, మార్చిలో చనిపోయినవాడు సెప్టెంబరులో రాశాడు.

నీహారిక మాదాపూర్ కంపెనీ యజమాని వినయ్‌కు ఫోన్ చేసింది.

"సార్ ట్రావెల్‌లో ఉన్నారు మేడం" అన్నాడు వినయ్, గుడ్ మార్నింగ్ చెప్పినంత మామూలుగా.

"ఎక్కడికి? మరణ ధ్రువపత్రం నా చేతిలో ఉంది వినయ్."

వినయ్ గొంతు తగ్గింది. "బయోడేటా ఇచ్చినప్పుడు ఆయన బతికే ఉన్నారు మేడం. సంతకం కూడా ఆయనదే. మధ్యలో పోతే మేమేం చేస్తాం? పేరు మారిస్తే టెండరే పోతుంది."

"వీడియోలో కూర్చున్నదెవరు?"

"సీరియల్స్‌లో డాక్టర్ వేషాలు వేస్తుంటాడు. మనిషి నీట్‌గా ఉంటాడని... మేడం, ఈ ఏరియాలో ఇది కొత్తా? ఒకడు ఇంటర్వ్యూ ఇస్తాడు, ఇంకొకడు జాబ్‌లో చేరతాడు. సాఫ్ట్‌వేర్‌లో రోజూ జరిగేదే."

"సాఫ్ట్‌వేర్ కూలితే మనుషులు చావరు. లెక్కలు ఎవరు వేశారు?"

"అది మాత్రం నన్ను అడగొద్దు మేడం" అని పెట్టేశాడు.

డైరెక్టరు మట్లరేవు వేడుకకే బయలుదేరి విమానంలో ఉన్నాడు. ఫోన్ పలకలేదు. సైటు ఇంజినీరు రోహిత్ మూడోసారికి ఎత్తాడు. వెనకాల బ్యాండు మేళం.

"రోహిత్, ఎత్తడం ఆపు. రామ్మోహనరావు చనిపోయాడు."

"అయ్యో! ఎప్పుడు మేడం?"

"పోయిన మార్చిలో."

రోహిత్ నవ్వాడు. "జోకులేస్తున్నారా? పొద్దున ఏడు పదికి నాకు మెయిల్ పెట్టారు. ఆరో బెల్టును అర మీటరు చుక్కాని వైపు జరపమన్నారు. ఇప్పుడే జరిపాం."

"ఆ మెయిల్ ఇంకెవరికి వెళ్ళింది?"

"నాకొక్కడికే. మీ కమిటీకి రేపు పంపిద్దామనుకున్నా."

"నేను చెప్తున్నాను, ఆపు."

"మీరు చెప్తే నేను ఆపలేను మేడం. కాంట్రాక్టులో క్లియర్‌గా ఉంది. లెక్క రాసినాయన ఆపమనాలి, లేదా మీ సాంకేతిక సభ్యుడు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇక్కడ మంత్రిగారు కుర్చీలో కూర్చున్నారు. మనిషి పోతే పోయాడు, లెక్క పోలేదు కదా!"

సాంకేతిక సభ్యుడు వెంకటనారాయణ ఉండేది నార్సింగిలో. ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. నీహారిక పద్మావతిని ఆఫీసులోనే కూర్చోబెట్టి క్యాబ్ ఎక్కింది.

"అన్నా, నార్సింగి. పది గంటలకల్లా ఉండాలె" అంది. అవసరం పడితే ఆమె నోట కూడా ఇక్కడి మాటే వస్తుంది.

డ్రైవర్ రాకేశ్ అద్దంలోంచి చూశాడు. "పది గంటలకా? గీ టైంల గచ్చిబౌలి చౌరస్తా దాటుడే కష్టం మేడం. ఏంది, దవాఖాన కేసా?"

"అట్లాంటిదే."

"ఇగ ఫికర్ చేయకుండ్రి. జర గట్టిగ పట్టుకోండ్రి."

కారును ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీసు రోడ్డు ఎక్కించి, పది దాటి ఎనిమిది నిమిషాలకు ఆమెను అపార్ట్‌మెంట్ గేటు దగ్గర దించాడు.

వెంకటనారాయణ తలుపు తీశాడు. పోర్టులో చీఫ్ ఇంజినీరుగా రిటైరైన మనిషి. రెండు మోకాళ్ళకూ ఆపరేషన్లు అయ్యాయి. పదిహేడో అంతస్తు హాల్లో టీవీ నడుస్తోంది. తెర మీద మట్లరేవు ప్రత్యక్ష ప్రసారం: గోధుమరంగు నీళ్ళు, పంటు మీద పసుపుపచ్చ క్రేన్, తొమ్మిది బెల్టులు కట్టిన నల్లటి ఓడ.

"రామ్మా, సరైన సమయానికి వచ్చావు. కాఫీ తాగుతావా?"

"సార్, రామ్మోహనరావు చనిపోయారు. ఇంటర్వ్యూ ఇచ్చినవాడు వేషగాడు. లెక్కలు ఎవరు వేశారో తెలీదు. ఆపమని ఒక్క లైను రాసివ్వండి."

ఆయన నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. రామ్మోహనరావు చావు విని ఉలిక్కిపడలేదు. అది ఆమెకు అప్పుడు తట్టలేదు.

"మోసం జరిగితే విచారణ వేద్దాం. కానీ ఎత్తడం ఎందుకు ఆపాలమ్మా? ఈ పోటు పోతే మళ్ళీ పదిహేను రోజులు. లెక్క బాగానే ఉంది. తొమ్మిది బెల్టులు, ఆరోది చుక్కాని వైపు జరిపారు కూడా. అడుగు దూలంలో అతుకు మీద బరువే పడదు."

నీహారిక ఆయన ముఖంలోకి చూసింది.

"ఆరో బెల్టు జరిపారని మీకెవరు చెప్పారు సార్?"

"టీవీలో కనపడుతోందిగా."

"తొమ్మిది బెల్టులు కనపడుతున్నాయి. జరిపినట్టు కనపడదు. ఆ మెయిల్ పొద్దున ఏడు పదికి రోహిత్‌కొక్కడికే వెళ్ళింది."

వెంకటనారాయణ రిమోట్ తీసుకుని టీవీ శబ్దం తగ్గించాడు.

ఆమె మళ్ళీ రోహిత్‌కు చేసింది. ఈసారి ఎత్తింది రోహిత్ కాదు.

"ఆయ్, నేను పెద్దన్ననండి. ఇంజినీరుగారు మంత్రిగారి కాడున్నారండి, ఫోను నాకిచ్చి ఎల్లారు."

ఓడ వడ్రంగుల మేస్త్రీ. నీహారిక స్పీకరు నొక్కింది.

"పెద్దన్నా, ఆరో బెల్టు దగ్గర చెక్క ఎలా ఉంది?"

"మీరైనా అడిగారమ్మా! పైన చూడ్డానికి టేకు రాయిలాగుంటదండి. లోపలంతా పురుగు తినేసింది. బెల్టు జరిపాక అనుమానమొచ్చి ఉలి పెట్టాను. పిడి దాకా దిగిపోయిందండి. పాత చోటే నయమండి. ఇంజినీరుగారికి చెప్తే, రిపోర్టులో లేదు, నువ్వు ఊరుకో అన్నారు."

"మీరు లోపలికి వెళ్ళకండి. మీ వాళ్ళని కూడా దిగమనండి."

"నేను దిగితే కూలోళ్ళని ఎక్కిస్తారండి. ఆళ్ళకి చెక్క చప్పుడు తెలీదు కదమ్మా. నేనుంటే విరిగే ముందు వినపడుద్దేమో, అరిచి దింపుతాను. లెక్క రాసినాయన ఒక్క మాట చెబితే ఆపుతారంటండి. ఆయన నంబరు మీ కాడుందా అమ్మా?"

నీహారిక ఫోన్‌ను వెంకటనారాయణ వైపు చాచింది. గోడ గడియారం పది ఇరవై ఏడు చూపిస్తోంది.

ఆయన ఫోన్ అందుకోలేదు. "కళ్ళజోడు" అన్నాడు. "కళ్ళజోడు లేకుండా నేను... ఉండు." లేచి, గోడ పట్టుకుని లోపలి గదిలోకి నడిచాడు.

"ఉంటానమ్మా, పిలుస్తున్నారు, ఎల్లొస్తానండి" అన్నాడు పెద్దన్న. ఫోన్ మళ్ళీ రోహిత్ చేతికి వెళ్ళింది.

"రోహిత్, లెక్క రాసింది వెంకటనారాయణగారు. నా ఎదురుగా ఉన్నారు."

"అయితే ఆయన్నే చెప్పమనండి మేడం. ఆయన గొంతు వింటే ఇప్పుడే ఆపేస్తా. నా ఉద్యోగం ఉంటుంది, ఊడుతుంది, తర్వాత చూసుకుంటా. కానీ ఆయన చెప్పాలి."

నీహారిక లోపలి గదిలోకి పరుగెత్తింది. వెంకటనారాయణ బీరువా అరలు తీసి మూస్తున్నాడు. చొక్కాలు తీసి మంచం మీద వేస్తున్నాడు. ఆమె చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. ఫోన్ నోటి దగ్గర పెడితే ముఖం తిప్పుకున్నాడు. "సార్, లోపల ముగ్గురున్నారు!" అని అరిచింది. ఆయన దిండు ఎత్తి దాని కింద చూశాడు.

హాల్లో టీవీలో బ్యాండు మేళం ఆగింది. పది నలభై.

వెంకటనారాయణ ఒక్కసారిగా వెనక్కి తిరిగి ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "ఆపండి! నేను వెంకటనారాయణని. లెక్క నాది. ఆపండి!"

ఫోన్‌లో క్రేన్ ఇంజను హోరు తప్ప ఏమీ లేదు. రోహిత్ దాన్ని జేబులో వేసుకుని ఉంటాడు.

ఇద్దరూ హాల్లోకి వచ్చేసరికి ఓడ నీళ్ళ మీదికి మనిషెత్తు లేచింది. జనం చప్పట్లు కొడుతున్నారు. లోపలి నుంచి ఎవరో చెయ్యి పైకెత్తి ఊపారు. ఆ తర్వాత ఆరో బెల్టు ఓడ పక్కలోకి, పొట్లం చుట్టూ బిగించిన దారంలా దిగబడింది. చుక్కాని వైపు సగం నీళ్ళలో పడింది. ముందు సగం ఊగి, క్రేన్ కొక్కేనికి వేలాడుతూ వెనక్కి తిరగబడి దాని మీద పడింది. ఛానల్ వాళ్ళు వెంటనే బొమ్మ మార్చి చీరల ప్రకటన వేశారు.

పన్నెండున్నరకు రోహిత్ ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడు. ఒక వడ్రంగి కాలు పోయింది, బతికాడు. పెద్దన్న, అతని తమ్ముడి అల్లుడు దుంగల కింద దొరికారు. విరిగే ముందు "దిగండ్రా" అన్న కేక పంటు మీదివాళ్ళందరికీ వినపడిందట.

నార్సింగి పోలీసులకు కబురు చేసి, వాళ్ళు వచ్చేదాకా నీహారిక ఆ హాల్లోనే కూర్చుంది. వెంకటనారాయణ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ఆయనే అన్నాడు, "ఫోన్‌లో రికార్డు పెట్టమ్మా. వాళ్ళొచ్చాక మాట మారుస్తానేమో, నా మీద నాకు నమ్మకం లేదు."

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టింది.

"నా పేరు వెంకటనారాయణ. ఆ ఓడను ఎనభై ఏడులో నేనే కొలిచాను. ఇరవై తొమ్మిదేళ్ళవాణ్ణి. అప్పుడు పెద్దన్న తండ్రి నాకు టేపు పట్టుకున్నాడు. దాన్ని ఎలా ఎత్తాలో ఆ రోజే లెక్క వేసి పై అధికారులకు ఇచ్చాను. ఎవరూ చదవలేదు. ఇన్నాళ్ళకి ప్రాజెక్టు వస్తే, కన్సల్టెంటుకి వారసత్వ నౌకల మీద పదిహేనేళ్ళ అనుభవం ఉండాలని టెండర్‌లో రాశారు. నాకు లేదు. నన్ను తీసుకెళ్ళి మార్కులు వేసే కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవడో వచ్చి నా ఓడ ఎత్తుతుంటే నేను మార్కులు వెయ్యాలి!

"నా స్నేహితుడు రామ్మోహనం విదేశాల్లో అలాంటి ఓడల మీద పనిచేసి వచ్చాడు. నువ్వు పేరివ్వరా, పని నేను చేస్తానన్నాను. సరేనన్నాడు. మార్చిలో పోయాడు. అక్కడ ఆగిపోవలసింది. నేను ఆగలేదు. వినయ్‌తో వేషగాణ్ణి మాట్లాడించాను. ప్రశ్నలు నావే, జవాబులూ నావే. నా జవాబులకి నేనే తొంభై రెండు వేశాను. నీ చేత కూడా సంతకం పెట్టించాను.

"లెక్క తప్పు కాదమ్మా. ఎనభై ఏడులో చెక్కకి అది సరైన లెక్కే. ఇప్పటి చెక్కను నేను చూడలేదు. మోకాళ్ళు బాగాలేక దిగలేకపోయాను. ఆ మాట ఒప్పుకుంటే ఇంకొకర్ని పెట్టేవాళ్ళు. అందుకే ఫొటోలు చూసి రాశాను. పొద్దున కూడా ఫొటో చూసే, రామ్మోహనం పేరు మీద మెయిల్ పెట్టి బెల్టు జరపమన్నాను.

"కళ్ళజోడు చొక్కా జేబులోనే ఉంది. ఇదిగో. వెతుకుతున్నంతసేపూ అది ఛాతీకి తగులుతూనే ఉంది. ఓడ లేస్తే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదని పదమూడు నిమిషాలు చూశాను. పెద్దన్న నా నంబరు అడిగింది నేను విన్నాను.

"ఇంకొకటి. ఆ పాత లెక్కలో ఓడ లోపల మనుషులు లేరు. పాతబడిన చెక్క మీద అనుమానంతో, ముగ్గురు వడ్రంగులు లోపల ఉండాలని కొత్తగా చేర్చింది కూడా నేనే."